మూత వేసిన ఆకాశం

శయనం సారుకు కోపం రాదని మదనపల్లెలో అందరూ అనుకునేవాళ్లు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పాడు. ల్యాబులో పిల్లలు పట్టకం పగలగొడితే, "చెయ్యి తెగలేదు కదా?" అని మాత్రం అడిగేవాడు. అటువంటి మనిషి ఆ మంగళవారం పొద్దున ఫోను చెవికి ఆనించుకుని, పొయ్యి మీద పాలు పొంగి గట్టు మీదికి కారుతున్నా కదలకుండా నిలబడిపోయాడు.

ఫోనులో పురుషోత్తం నవ్వుతున్నాడు. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నవాడు, ఇప్పుడు బెంగళూరులో 'నిర్మల' పెట్టెలు చేసే కంపెనీకి పెద్ద. చిలీ కొండల మీది పెద్ద టెలిస్కోపుతో పనిచేసే ఒక అమ్మాయి ఏదో రాసిందట. వేల ఏళ్ల కిందట పేలిపోయిన ఒక నక్షత్రం వెలుగు దూరాన ఉన్న ధూళికి తగిలి, కొండకు తగిలిన కేక వెనక్కు వచ్చినట్టు ఆలస్యంగా మన వైపు వచ్చిందట. తాను చూసేసరికి దాని తోక మాత్రమే మిగిలిందనీ, అది గడిచిన ఆరేళ్లలో పలచటి తెరలాగా అటుగా జరిగి పోయి ఉండాలనీ, ఇంక తిరిగి రాదనీ, ఇళ్ల దగ్గర ఆకాశం ఫోటోలు తీసుకునేవాళ్లలో ఎవరికైనా చిక్కిందేమో చూడమనీ ఆ అమ్మాయి అందరినీ అడుగుతోంది.

"మన పెట్టెలు బిగించిన టెలిస్కోపులు పదమూడు వేలు ఉండాయి సార్. ఒక్కదాంట్లో కూడా లేదు. మా పదమూడు వేల కళ్లకు కనపడనిది నీకెట్ల కనపడిందమ్మా, ముందు నీ అద్దం మీద మంచు తుడుచుకో అని మర్యాదగా రాసినాం. ఆ ప్రకటన శుక్రవారం సాయంత్రం బయటికి ఇస్తాం. కింద మీ పేరు కూడా ఉంటాది. సూత్రం మీదే కదా సార్."

"ఆకాశంలో ఏ చోటు అది?" అని శయనం అడిగాడు.

"శ్రవణానికీ ధనిష్ఠకూ నడుమ. అక్కడ ఏముంది సార్, ఖాళీ."

పాలు మాడిన వాసన వచ్చింది. ఆయన పొయ్యి కట్టేసి, ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకుని బెంగళూరు బస్సు ఎక్కాడు.

ఆ ఖాళీని ఆరేళ్ల కిందట ఎంచుకున్నది ఆయన భార్య కనకవల్లి. టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసి వచ్చిన మనిషి. లైనులో గరగరల మధ్య ఎవరు ఏ ఊరి నుంచి మాట్లాడుతున్నారో గొంతును బట్టి చెప్పేది. ఉద్యోగం మానేశాక మొగుడి టెలిస్కోపు పక్కన తనకొక చిన్నది పెట్టుకుంది. అంగళ్లు అనే ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక బోడిగుట్ట ఉంది. సాయంత్రం ఇద్దరూ అక్కడికి పోయేవాళ్లు. టమాటా లారీల వెలుతురు ఫోటోల్లో పడుతుంటే, ఆమె ఒకరోజు మార్కెట్ యార్డుకు వెళ్లి డ్రైవర్లతో మాట్లాడి వచ్చింది. ఆ తర్వాత గుట్ట మలుపు దగ్గరికి వచ్చేసరికి సగం లారీలు లైట్లు దించుకుని పోయేవి.

అందరూ గుర్రపుతల నీహారికనో, ఆండ్రోమెడా గెలాక్సీనో వెంటాడుతుంటే ఈమె ఏమీ లేని చోటు మీద పడింది. రెండేళ్లకు ఒకనాడు, "అక్కడ ఏందో మబ్బు మాదిరి ఉండాది, చూడండి" అంది. శయనం చూశాడు. కెమెరా మీద దుమ్ము నీడ అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. దుమ్ము నీడలు గుండ్రంగా ఉంటాయి, ఇది వంకరగా చీర కుచ్చిళ్లలాగా ఉంది. పైగా ఆమె రోజూ చీకటి పడకముందే ఆయన తెల్ల పంచె టెలిస్కోపు మూతికి బిగించి కట్టి, మిగిలిన వెలుతురులో ఫోటోలు తీసి పెట్టుకునేది. దుమ్ము ఎక్కడుందో ఆ పంచె ఫోటోల్లో తేలిపోతుంది. వాటిలో ఆ మచ్చ లేదు. అయినా శయనం దుమ్మే అన్నాడు. ఫిజిక్సు చెప్పినవాడు కదా.

మరుసటేడు పెళ్లిరోజుకు ఆమె కెమెరాకు ఒక పెట్టె బిగించి ఇచ్చాడు. బొటనవేలంత ఉంటుంది. అదే నిర్మల. తానూ పురుషోత్తమూ కలిసి చేసింది. ఇంటి దగ్గర ఫోటోలు తీసేవాళ్లు చేసే తప్పులు అందరివీ ఒకటే. అద్దం మీద మంచు పడుతుంది, ఫోకసు జారుతుంది, ధ్రువం వైపు సరిగా తిప్పక నక్షత్రాలు గీతలు పోతాయి, కాలు తగులుతుంది, తీగ లాగుకుంటుంది. పెట్టెకు ఆకాశం ఎలా ఉండాలో తెలుసు. కెమెరా తీసిన ప్రతి ఫోటోనూ పుట్టీపుట్టకముందే అలా దిద్దేస్తుంది. నిజంగా కొత్తదేదైనా వస్తే? దానికి శయనం ఒక సూత్రం రాశాడు. ఒకరికి కనబడితే పొరపాటు, ఇద్దరికి కనబడితే కాకతాళీయం, మూడు టెలిస్కోపులకు కనబడితే నిజం. పెట్టెలు తమలో తాము ఒకదాన్నొకటి అడిగి ఆ లెక్క తేల్చుకుంటాయి.

పెట్టె పెట్టిన మొదటి రోజే కనకవల్లి, "నా మబ్బు పోయింది" అంది. చూశావా, దుమ్మే, అని ఆయన నవ్వాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ చోటును ఫోటో తీయడమూ మానలేదు, ఒంట్లో ఓపిక ఉన్నంత వరకూ. ఆమె పోయి ఏడాది పది నెలలు.

బస్సులో ఎండ పక్క సీటు దొరికింది. చింతామణి దాటాక, ఆయన ముఖం చూసి ఏమనుకున్నాడో, కండక్టరు తన సీటు ఖాళీ చేసి నీడ వైపు కూర్చోబెట్టాడు. ఏమైందని కూడా అడగలేదు. ఆ అడగకపోవడానికే శయనం అతనికి మనసులో దండం పెట్టుకున్నాడు.

కంపెనీ ల్యాబులో ఒక చీకటి గది ఉంది. గోడంతా నల్ల రేకు, దానికి సూది బెజ్జాలు, వెనక దీపాలు. కొత్త పెట్టెల్ని ఈ ఆకాశం ముందే పరీక్షిస్తారు. పురుషోత్తం కాఫీ తెప్పిస్తానంటే వినకుండా శయనం నేరుగా అక్కడికి పోయాడు. క్యాంటీనులో బజ్జీలు చుట్టిన కాగితం, నూనె పీల్చుకున్నది, చించి రేకు వెనక ఒక బెజ్జానికి అతికించాడు. ముందు నుంచి చూస్తే నక్షత్రాల మధ్య మసక మచ్చ ఒకటి వెలిగింది. మూడు టెలిస్కోపులు, మూడు పెట్టెలు పెట్టించాడు.

"ముగ్గురు చూస్తున్నారు. సూత్రం ప్రకారం నిజమని తేలాల కదా. నడుపు."

పది నిమిషాలకు మూడు తెరల మీదా మూడు అందమైన ఆకాశాలు వచ్చాయి. మచ్చ లేదు. పక్కన పెట్టె తన పని తాను రాసుకునే చోట ఒకే వాక్యం మూడుసార్లు ఉంది. *ఒంటరి మచ్చ. సరిచేయబడింది.*

ప్రతి పెట్టె, తాను చూసినదాన్ని మిగతావాటికి పంపే ముందే తుడిచేస్తోంది. రెండోది అడిగేసరికి మొదటిదాని దగ్గర ఏమీ ఉండదు. మూడోది అడిగేసరికి రెండోదాని దగ్గరా ఉండదు. పదమూడు వేల మంది చూసినా ప్రతి ఒక్కరూ ఒంటరే.

"మొదటి సాక్షి నోరు నొక్కేసినాక మూడో సాక్షి యాడి నుంచి వస్తాడు?" శయనం తెర వైపు వేలు చూపించాడు. "ఇన్నేండ్లుగా ఈ మిషను అబద్ధం చెప్తా ఉంది. నువ్వు దాన్ని అమ్ముతా ఉండావు. ఇప్పుడు నిజం చెప్పిన పిల్లను అద్దం తుడుచుకోమంటావా?"

పురుషోత్తం చెడ్డవాడు కాదు. ముఖం పాలిపోయింది. కానీ వెనక పది మంది కుర్రాళ్లు నిలబడి చూస్తున్నారు.

"ముందు తుడిచి తర్వాత పంపాలని గీసింది మీరే సార్. పంపే బరువు తగ్గుతాదని. ఆన్సరు పేపరు వెనక గీసి ఇచ్చినారు. ఆ కాగితం ఇప్పుడు కూడా నా దగ్గరుంది."

శయనానికి ఆ కాగితం గుర్తొచ్చింది. రెండు బాణం గుర్తులు. ఏది ముందైతే ఏమిలే అనుకుంటూ గీశాడు. అప్పుడే వల్లి కాఫీ తెచ్చి ఆ కాగితం మీదే పెట్టబోతే, "చూసుకుని పెట్టు" అని విసుక్కున్నాడు కూడా.

ఆయన వల్లి పాత ఫోటోలు అడిగాడు. పెట్టె రాకముందు మూడేళ్లు తీసినవి, దిద్దనివి. అవి కంపెనీ నిల్వలో ఉంటాయి, ఇంటి కంప్యూటరు దానికి అద్దంలా నడుస్తుంది, అక్కడ మారితే ఇక్కడా మారుతుంది. పురుషోత్తం కుర్చీలో కూలబడి నెమ్మదిగా చెప్పాడు. మార్చిలో పాత ఫోటోలన్నీ కూడా నిర్మలతో కడిగేశారు. అసలువి ఉంచలేదు. అందరి ఒప్పుకోలూ తీసుకున్నారు.

"చనిపోయిన మనిషి ఎట్ల ఒప్పుకుంటాది?"

"ఆమె పేరు మీద ఒప్పుకోలు మీరే నొక్కినారు సార్."

కుర్రాడెవరో తెచ్చిపెట్టిన కాఫీ గ్లాసును శయనం గోడకు విసిరాడు. స్టీలు గ్లాసు కాబట్టి పగలలేదు, చప్పుడు మాత్రం మెట్ల దాకా వినిపించింది. ఆయన జీవితంలో అది మొదటిసారి. ఆ ప్రకటన మీద తన పేరు కొట్టేయమన్నాడు. పేరు కొట్టేస్తే సరిపోదు, అసలు ఇవ్వొద్దన్నాడు. పురుషోత్తం తల అడ్డంగా తిప్పాడు. గదిలో నూనెకాగితం పెట్టి చూపిస్తే పెట్టె తప్పని తెలుస్తుంది గానీ, ఆకాశంలో ఆ తెర ఉందని తేలదు. అంతా నమ్ముతున్న వస్తువును ఎవరూ చూడనిదాని కోసం వెనక్కు తీసుకోమంటే తన వెనక డబ్బు పెట్టినవాళ్లు ఊరుకోరన్నాడు.

"కడగని ఫోటోలు కావాల సార్. మూడు టెలిస్కోపులవి. శుక్రవారం లోపల చూపించండి, ఆ పిల్లకు నేనే క్షమాపణ రాస్తా. సూత్రం మీదే."

బుధవారమంతా శయనం వల్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మూడేళ్ల ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తెరిచాడు. అన్నీ చక్కగా ఉన్నాయి. నక్షత్రాలు గుండ్రంగా, ఆకాశం నల్లగా. ఆ చక్కదనం చూస్తుంటే ఆయనకు ఒళ్లు మండింది. ఒక ఉగాది మరునాడు చీకట్లో ఆమె కాలు స్టాండుకు తగిలి, పడబోయి, ఆయన భుజం పట్టుకుంది. ఆ ఫోటోలో ప్రతి నక్షత్రమూ కొక్కెంలాగా వంగి ఉండేది. ఇద్దరూ దాన్ని చూసి నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు అందులో కొక్కేలు లేవు. ఆమె పట్టుకున్న ఆ క్షణాన్ని ఎవరో ఇంట్లో జొరబడి తుడిచిపెట్టినట్టుంది. ఎవరో కాదు, తానే.

మధ్యాహ్నం అన్నం తినకుండా అలాగే కూర్చుంటే ఆ పాత గొడవ గుర్తొచ్చింది.

ఫోటోలు తీసేవాళ్లు టెలిస్కోపుకు మూత వేసి కూడా కొన్ని తీస్తారు. ఆకాశం ఏమీ పడదు, కెమెరా తనంతట తాను పుట్టించే గరగర మాత్రం పడుతుంది. దాన్ని అసలు ఫోటోల్లోంచి తీసేస్తే బొమ్మ శుభ్రపడుతుంది. వీటిని డార్కులంటారు. కంప్యూటరులో 'డార్కు' అని నొక్కి తీయాలి, మూత తీశాక మళ్లీ మార్చాలి. మార్చడం మరిచిపోతే ఆకాశం ఫోటోలు కూడా డార్కుల్లోకే పోతాయి. నాలుగేళ్ల కిందట అక్టోబరులో వల్లి మరిచిపోయింది. ఆ డార్కులను మరునాటి ఫోటోల్లోంచి తీసేసింది, ఆకాశంలోంచి ఆకాశాన్ని తీసేస్తే నక్షత్రాలున్న చోటల్లా నల్ల గుంటలు పడ్డాయి.

గుట్ట మీద కలిసే ఫోటోల వాళ్ల సంఘంలో శయనం పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. నెలకొక తప్పు. ఆ నెలలో ఎవరో చేసిన పొరపాటును తెర మీద వేసి అందరికీ చూపించడం. ఆ నెల ఆయన వల్లి నల్ల గుంటలు చూపించాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "నక్షత్రాల్లోంచి నక్షత్రాలు తీసేస్తే మా ఆయన మిగిలినారు" అంది. ఇంటికొచ్చాక మూడు రోజులు మాట్లాడలేదు.

డార్కుల్లో ఆకాశం ఉండదు. ఆకాశం లేనిదాన్ని నిర్మల ఎందుకు కడుగుతుంది?

ఆయన ఆ అక్టోబరు డార్కుల ఫోల్డరు తెరిచాడు. మొదటి ఇరవై నల్లగా ఉన్నాయి. ఇరవై ఒకటో దాంట్లో నక్షత్రాలు కనిపించాయి.

నక్షత్రాలున్నవి మొత్తం ముప్పై ఒకటి. నక్షత్రాలు ఒక పక్కకు సాగి ఉన్నాయి. చివరి ఆరింటిలో మంచు పట్టి ఒక్కొక్కదాని చుట్టూ వలయం. ఒకదాంట్లో లైటు దించని లారీ ఒకటి చారలాగా పోయింది. ఆయన ఒక్క తప్పును కూడా దిద్దకుండా ముప్పై ఒకటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, చీకటి చోట్ల వెలుతురు కొద్దిగా పెంచాడు. శ్రవణానికీ ధనిష్ఠకూ నడుమ, చీర కుచ్చిళ్లలాగా, మబ్బు.

ఆయన చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత సంఘం పేర్ల పుస్తకం తీసి ఫోన్లు మొదలుపెట్టాడు.

వల్లి చేసిన తప్పు ఆమె ఒక్కతే చేసేది కాదు. ఎవరో ఒకరు అదే వైపు తిప్పి అదే మరిచిపోయి ఉంటారు. కానీ సాయంత్రానికి నలభై మందిని అడిగితే నలభై మందీ అటువంటి పొరపాట్లు తమకు జరగవన్నారు. పెట్టె ఉంది కదా సార్ అన్నారు. పెట్టె రాకముందు? అప్పుడూ జరగలేదన్నారు. కొందరి గొంతులో భయం వినిపించింది. మళ్లీ తెర మీద వేస్తాడేమోనని. వాళ్ల మీద కోపం తెచ్చుకోబోయి, ఆ కోపానికి వాళ్ల దగ్గర చోటు లేదని శయనానికి తెలిసింది. తప్పును దాచుకోవడం వాళ్లకు నేర్పింది తనే.

గురువారం పుంగనూరు సైకిల్ షాపు మహబూబ్ బాషా కూడా లేదనే అన్నాడు. ఈసారి శయనం ఫోను పెట్టేయలేదు. వల్లి సంగతి మొదటి నుంచి చెప్పాడు. దుమ్మని తాను కొట్టేయడం, పెట్టె, ఒప్పుకోలు నొక్కడం, అన్నీ. అవతల సైకిల్ గంట ఒకటి మోగి ఆగింది.

"నవ్వరు కదా సార్?"

"నవ్వను బాషా."

"పన్నెండు ఉండాయి. అమ్మ తీసే చోట ఏముందోనని నేను కూడా ఒకరోజు అటే తిప్పితి. డార్కుల్లోకి పోయినాయి. పారేద్దామనుకుంటి గానీ చెయ్యి రాలే సార్. ఎంతైనా ఆకాశం కదా."

సాయంత్రానికల్లా పంపాడు. పన్నెండూ ఫోకసు జారినవే. మబ్బు ఉంది, అదే వంకరతో.

రెండు. ఇద్దరికి కనబడితే కాకతాళీయమని రాసుకున్న చెయ్యి తనదే.

శుక్రవారం పదకొండింటికి పేర్ల పుస్తకం అయిపోయింది. పక్కింటామె గిన్నెలో ఉప్మా తెచ్చి గడప మీద పెట్టి, పిలవకుండా పోయింది. ఆయన ఆ గిన్నె ముందు కూర్చుని ఉన్నప్పుడు అసలు విషయం ముందుకు వచ్చి నిలబడింది. అది మరిచిపోయిన విషయం కాదు. నాలుగేళ్లుగా అటు చూడకుండా పక్కన పెట్టినది.

వల్లి తప్పు చేయడానికి నాలుగు రోజుల ముందు, ఆయనే చేశాడు. ఆమె మబ్బు దుమ్మేనని రుజువు చేద్దామని తన పెద్ద టెలిస్కోపును అటు తిప్పాడు. డార్కులు తీసి, మార్చడం మరిచాడు. పొద్దున చూసుకుని, సిగ్గుపడి, ఫోటోలు తెరవనైనా తెరవకుండా ఫోల్డరుకు 'ప్రశ్నపత్రాలు' అని పేరు పెట్టి దాచేశాడు. ఆ నెలాఖరున ఆమె తప్పును తెర మీద వేసి, కర్రతో గుంటల్ని చూపిస్తూ పాఠం చెప్పాడు.

ఫోల్డరు ఉంది. ప్రశ్నపత్రాలను ఎవరు కడుగుతారు? నలభై ఫోటోలు, పెద్ద అద్దం, మంచి ఫోకసు. మూడింటిలోకీ ఇదే స్పష్టంగా వచ్చింది. మబ్బు అంచున పొరలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆనాడే తెరిచి చూసుంటే నాలుగేళ్ల కిందట, ఆమె బతికుండగా, కాఫీ తాగుతూ చూసేవాళ్లు.

ఆయన బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకున్నాడు. కోపం తగ్గలేదు. దానికి ఇప్పుడు ఇల్లు దొరికింది.

మూడు గంటలకు మూడింటినీ పురుషోత్తానికీ చిలీ అమ్మాయికీ పంపాడు. అవి ఎలా మిగిలాయో కూడా దాచకుండా రాశాడు. గంటకు పురుషోత్తం ఫోను చేశాడు. గొంతు మారిపోయి ఉంది. ప్రకటన ఆపేశాడట. పెట్టెలన్నిటినీ ఆపమని కూడా చెప్పాడట. ఇక ముందు ఒక్క అసలు ఫోటోను కూడా చెరపరట. ఆ తర్వాత కొంచెం తటపటాయించి అడిగాడు.

"అందరూ చూస్తారు కదా సార్. అమ్మగారి నక్షత్రాలు సాగినాయి, మంచు పట్టింది. పైపైన రవ్వంత కడిగి..."

"తాకినావంటే బాగుండదు" అన్నాడు శయనం.

ఆదివారం గుట్ట మీద సంఘం కూడింది. నెలకొక తప్పు కింద ఆయన తన ప్రశ్నపత్రాల ఫోల్డరును తెర మీద వేసి, ఏ రోజు దాచాడో, ఆ తర్వాత ఎవరిని నిలబెట్టి నవ్వించాడో చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత పెట్టె విప్పేసిన తన కెమెరాను తెచ్చి బాషా పక్కన పెట్టాడు. బాషా లేచి తన పన్నెండింటి కథ చెప్పాడు. అతని తర్వాత ఇంకొకరు లేచారు. కింద రోడ్డు మీద టమాటా లారీ ఒకటి మలుపు దగ్గర లైట్లు దించుకుని పోయింది. ఆమె లేదని ఆ డ్రైవరుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చిలీ అమ్మాయి జాబు సోమవారం వచ్చింది. పెద్ద థాంక్సు, చిన్న ఫారం. మొదట చూసినవారి పేరు అన్న చోట శయనం కనకవల్లి పేరు రాశాడు. వృత్తి అన్న చోట టెలిఫోను ఆపరేటరు అని రాశాడు. చివరి గడిలో ఒక ప్రశ్న ఉంది. అప్పట్లోనే ఎందుకు తెలియజేయలేదు?

ఆయన కొట్టివేతలు లేకుండా ఒకేసారి రాశాడు.

*తెలియజేసింది. నేను వినలేదు.*